టెక్ సందేహాలు: పంపు కొత్తది, ఫైలు ఎవరిదో తెలియదు

టర్బో స్పోర్ట్స్ కారుకు పవర్ పెంచుకుని, దానికి తగ్గట్టు ఫ్యూయల్ సిస్టమ్ మార్చుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఈమధ్య వస్తున్న ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకటే. బండి మారుతుంది, బాధ మారదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే. ఇంజిన్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ ఎలా పనిచేస్తాయో మొదటి నుంచి చెప్పను. ఇంత ఖర్చు పెట్టినవాళ్లకు అవి తెలిసే ఉంటాయి.

ప్రశ్న: నాలుగు సిలిండర్ల టర్బో కారు. 300 హెచ్‌పీ కోసం పెద్ద ఇంజెక్టర్లు, గంటకు 255 లీటర్ల పంపు వేయించాను. మామూలుగా నడిపితే బాగుంది. ఫుల్‌గా తొక్కితే 5000 ఆర్‌పీఎం దాటాక మిశ్రమం లీన్ అవుతోంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదు. ఇంజెక్టర్లు అమ్మినతనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్, మ్యాప్ ఫైలు (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో ఈసీయూకు చెప్పే పట్టికలు) పంపి, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమన్నాడు. చేశాను. ఇప్పుడు ల్యాప్‌టాప్ కూడా నెమ్మదించింది. ఇంకా పెద్ద పంపు వేయాలా?

వద్దు. టర్బో పెట్రోల్ ఇంజిన్‌కు ఒక్కో హెచ్‌పీకి గంటకు సుమారు 270 గ్రాముల ఇంధనం అనుకుంటే మీకు కావాల్సింది గంటకు 110 లీటర్లు. ఇంజెక్టర్లను 80 శాతం డ్యూటీకి (తెరిచి ఉండే సమయానికి) మించి వాడకూడదన్నా నిమిషానికి 600 సీసీ సైజు సరిపోతుంది. కాగితం మీద మీ పంపు రెట్టింపు కంటే ఎక్కువే ఇస్తుంది. కానీ డబ్బా మీద రాసిన 255 అనేది పూర్తి వోల్టేజీ అంది, ప్రెషర్ తక్కువగా ఉన్నప్పటి మాట. మీ కారులో ఆ పంపుకు వెళ్తున్న వైరు పాత చిన్న పంపు కోసం వేసింది. బ్యాటరీ దగ్గర 14 వోల్టులున్నా, లోడ్ పడ్డాక ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి 11 మిగిలితే పంపు చతికిలపడుతుంది. మల్టీమీటర్‌ను పంపు కనెక్టర్ దగ్గరే పెట్టి, లోడ్‌లో ఉన్నప్పుడు చూడండి. ఐడిల్‌లో చూసి బాగుంది అనుకుంటే లాభం లేదు.

తర్వాత ప్రెషర్ లాగ్. ఇంధన ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్‌కు వ్యాక్యూమ్ గొట్టం పీకినప్పుడు 3 బార్ ఉంటే, టర్బో 1 బార్ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి) ఇస్తున్నప్పుడు 4 బార్ కనిపించాలి. అక్కడ 3.3, 3.4 దగ్గర ఆగిపోతే పంపుకు శక్తి చాలడం లేదన్నమాట. అసలు 3 దగ్గరే ఉండిపోతే ఆ గొట్టం ఊడిపోయి ఉంటుంది. రెండోది మనం అనుకునేదాని కంటే ఎక్కువసార్లు జరుగుతుంది.

వైరు మందంగా వేసి, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి, నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కరెంటు ఇవ్వండి. అయితే ఆ రిలేను ఆన్ చేసే సిగ్నల్ మాత్రం పాత పంపు వైరు నుంచే రావాలి. చాలామంది పని తేలికవుతుందని ఇగ్నిషన్‌కు కలిపేస్తున్నారు. ఇంజిన్ తిరగడం ఆగిపోతే ఈసీయూ పంపును ఆపేస్తుంది. యాక్సిడెంట్‌లో గొట్టం తెగితే ఇదే మీ ప్రాణాన్ని కాపాడేది. ఇగ్నిషన్‌కు కలిపిన పంపు, ఇంజిన్ చచ్చినా, తెగిన గొట్టంలోంచి పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. పంపు వేగాన్ని ఈసీయూయే తగ్గించి పెంచే కార్లలో ఈ రిలే పద్ధతి నేరుగా పనికిరాదు, అక్కడ పంపు కంట్రోలర్ సంగతి చూసుకోవాలి.

ఇక ఫైలు. మామూలు నడకలో బాగుండి ఫుల్ యాక్సిలరేటర్‌లో లీన్ అవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తక్కువ లోడ్‌లో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ తప్పులు సరిదిద్దుకుంటుంది. చాలా కార్లు ఫుల్ లోడ్‌లో ఆ దిద్దుబాటు మానేసి, పట్టికలో ఏముంటే అదే పాటిస్తాయి. ఇంజెక్టర్ తెరుచుకోవడానికే సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది, వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ. ఆ డెడ్ టైమ్ పట్టిక మీ ఇంజెక్టర్లదేనా? ఎవరో వేరే కారుకు చేసిన ఫైలైతే ఆ అంకెలు మీకు పనికిరావు. అది తేలేదాకా ఫుల్‌గా తొక్కకండి, పిస్టన్ కరిగాక సాఫ్ట్‌వేర్‌తో అతికించలేం.

ఇంత చెప్పినా నాకు టెన్షన్ మీ పిస్టన్ల గురించి కాదు. ఆ ల్యాప్‌టాప్ గురించి.

యాంటీవైరస్ ఆపమని చెప్పినప్పుడు "అది తప్పుడు హెచ్చరిక, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌కు ఇలాగే వస్తుంది" అని ఉంటాడు కదా. అందులో సగం నిజం ఉండటమే ప్రమాదం. క్రాక్ ఫైళ్లకు ఒక్కోసారి ఉత్తుత్తి హెచ్చరికలు వస్తాయి. కానీ దాని చాటున పాస్‌వర్డులు ఎత్తుకెళ్లే ప్రోగ్రామ్ ఉన్నా వచ్చేది అదే హెచ్చరిక. మీరు చూసి తేడా చెప్పలేరు, అమ్మినవాడికి తేడాతో పని లేదు. అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు, మెయిల్ తెరుస్తున్నారా? వెంటనే వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చండి, అన్ని సెషన్ల నుంచి లాగౌట్ అవండి. బ్రౌజర్‌లోని లాగిన్ కుకీ వాళ్ల చేతిలో పడి ఉంటే, పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే కొన్ని సైట్లలో వాళ్లు లోపలే ఉంటారు. ల్యాప్‌టాప్ పూర్తిగా చెరిపి, విండోస్ కొత్తగా వేసుకోండి. ఇకమీదట కారు పనికి ఒక పాత ల్యాప్‌టాప్ విడిగా పెట్టుకోండి, అందులో మీ ఖాతా ఒక్కటి కూడా ఉండకూడదు.

రెండోది, ఎవరూ అడగనిది: ఈసీయూ నుంచి చదివిన ఫైలును మీరు ట్యూనర్‌కు పంపినప్పుడు ఏం పంపుతున్నారు? మ్యాప్ మాత్రమే అయితే సరే. ఈసీయూను బల్ల మీద పెట్టి పూర్తి డంప్ (లోపలి సమాచారమంతా) తీస్తే చాలా ఈసీయూలలో కారు వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య), ఇమ్మొబిలైజర్ సమాచారం కూడా అందులో వస్తాయి. తాళం లేకుండా బండి స్టార్ట్ కాకుండా ఆపేది ఆ ఇమ్మొబిలైజరే. దాని వివరాలు ఒక మెసేజింగ్ గ్రూపులో పెట్టి, కిందనే నంబర్ ప్లేటుతో సహా బండి ఫొటో, ఇంటి గేటు కనిపించేలా. ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు! పంపేముందు అడగండి: మ్యాప్ భాగం చాలా, పూర్తి డంప్ కావాలా, కావాలంటే ఎందుకు? సూటిగా జవాబు చెప్పలేనివాడు మీ ట్యూనర్ కాదు. ట్యూనింగ్ కోసం రిమోట్ డెస్క్‌టాప్ ఇచ్చి ఉంటే, పని కాగానే దాన్ని తీసేయండి. "మళ్లీ అవసరమవుతుందేమో" అని శాశ్వత పాస్‌వర్డ్‌తో వదిలేసినవాళ్లున్నారు.

ప్రశ్న: ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ చేసే ఇంధన దిద్దుబాటు) చూడటానికి కారు డయాగ్నస్టిక్ పోర్టులో బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఎప్పుడూ పెట్టే ఉంచుతాను. బ్యాటరీ దిగిపోతుందా?

కారు కొన్నాళ్లు కదలకుండా ఉంటే దిగుతుంది. మీకు దిగులు పుట్టాల్సింది వేరే చోట. చవక డాంగిల్‌కు జత కలపడానికి పిన్ 1234 లేదా 0000. కారు లోపల మాట్లాడుకునే కాన్ నెట్‌వర్క్ 1986లో బయటికి వచ్చింది, సందేశం ఎవరు పంపారని అడిగే ఏర్పాటు అందులో లేదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇలాగే పోర్టుకు తగిలించే ఒక ఇన్సూరెన్స్ తరహా డాంగిల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపి, ఒక స్పోర్ట్స్ కారు వైపర్లు ఆడించారు, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బ్రేకులు పడకుండా చేశారు. అది సిమ్ ఉన్న పరికరం, మీది బ్లూటూత్. కాబట్టి దాడి చేసేవాడు దగ్గర్లో ఉండాలి, అంతే తేడా. లాగ్ చేసుకోండి, పీకి జేబులో వేసుకోండి.

ప్రశ్న: సర్వీస్‌కు ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. అప్పటి నుంచి నల్ల పొగ, పెట్రోలు వాసన, సరిగా స్టార్ట్ కాదు. ఇంజెక్టర్లు పోయాయా?

పోలేదు. మీ మ్యాప్ పోయింది. కంపెనీ ఫైలు పాత చిన్న ఇంజెక్టర్లనుకుని అంతే సేపు తెరుస్తోంది, పెద్ద ఇంజెక్టర్లు పోసేస్తున్నాయి. సెల్ఫ్ కొట్టడం ఆపండి. పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ కడిగేసి కింద ఆయిల్‌లో కలుస్తుంది. మ్యాప్ మళ్లీ ఎక్కించాక ఆయిల్ కూడా మార్చండి. ఎక్కించేటప్పుడు బ్యాటరీకి చార్జర్ పెట్టే ఉంచండి, మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ మళ్లీ లేవకపోవచ్చు.

సర్వీస్‌కు ఇచ్చేముందు "ఈసీయూ ముట్టుకోవద్దు" అని జాబ్‌కార్డు మీద రాయించాల్సింది మీరే. కానీ మొత్తం తప్పు మీది అనలేను. అడక్కుండా అప్‌డేట్ చేయడం, చేశాక "పనితీరు మెరుగైంది" అని ఒక ముక్క రాయడం, ఏం మార్చారో చెప్పకపోవడం... ఫోన్లలో మొదలైన ఈ జబ్బు కార్లకు కూడా అంటుకుంది. గాల్లోంచి అప్‌డేట్ దిగే కార్లలో ఓనరు నిద్రలేచేసరికి బండి మారిపోయి ఉంటుంది. పైగా ఈసీయూకు వేసే డిజిటల్ తాళాలు ఏటేటా గట్టిపడుతున్నాయి. దొంగల్ని ఆపడానికైతే మంచిదే. కానీ ఓనరు కోసం సక్రమమైన దారి ఒక్కటైనా తెరిచి పెట్టరు. దాంతో మర్యాదగా డబ్బు కట్టి లైసెన్సు కొనుక్కునేవాడు కూడా క్రాక్ అమ్మేవాడి గుమ్మం తొక్కుతున్నాడు. మొదటి ప్రశ్న పంపిన పెద్దమనిషి యాంటీవైరస్ ఆపింది తన బద్ధకం వల్లే కావచ్చు, కానీ ఆ గుమ్మం దాకా నెట్టినవాళ్లు వేరే ఉన్నారు.

ప్రశ్న: ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు) వాడదామని, ఇథనాల్ ఎంతుందో కొలిచే ఫ్లెక్స్ సెన్సర్ పెడుతున్నాను. ఇంకేమైనా జాగ్రత్తలు?

ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అయితే ఈ85కు సుమారు 9.8, అంటే బరువు లెక్కన ఇంధనం సుమారు సగం ఎక్కువ పోయాలి. పంపు, ఇంజెక్టర్ల లెక్క మళ్లీ వేసుకోండి. ట్యాంకు లోపల ముక్క గొట్టం మార్చేటప్పుడు బయట వాడే ఇంధన గొట్టం వేయకండి. లోపలా బయటా ఇంధనంలో మునిగి ఉండటానికి చేసినది, ఎస్‌ఏఈ జే30ఆర్10 అని అచ్చువేసినది కావాలి. మామూలుది కొన్నాళ్లకు ఉబ్బి, మెత్తబడి, క్లాంపు దగ్గర చీలుతుంది. అప్పుడు పంపు తిరుగుతూనే ఉంటుంది, ప్రెషర్ ట్యాంకులోకే పోతుంది.

సెన్సర్ విషయంలో ఒకటే. అది 50 నుంచి 150 హెర్ట్జ్ మధ్య సిగ్నల్ ఇస్తుంది. 50 అంటే ఇథనాల్ లేదు, 150 అంటే అంతా ఇథనాలే. వైరు ఊడితే ఈసీయూ ఏమనుకోవాలో మ్యాప్‌లో రాసి ఉండాలి. పెట్రోలే అనుకుంటే ట్యాంకులో ఈ85 ఉన్నప్పుడు లీన్ అవుతుంది, ఇథనాల్ అనుకుంటే పెట్రోలు మీద నాక్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తుంది. ఏదనుకున్నా బూస్ట్ మాత్రం తగ్గించేలా పెట్టించండి. పెట్టాడో లేదో ట్యూనర్ మాట మీద వదిలేయకుండా, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా సెన్సర్ కనెక్టర్ పీకి, లాగ్‌లో బూస్ట్ టార్గెట్ పడిందో లేదో మీరే చూసుకోండి.