కర్నూలులో ఏసీ మెకానిక్‌ను ఎంచుకునే ముందు

కర్నూలుకు కొత్తగా వచ్చామని, నిరుడు గ్యాస్ నింపించిన ఏసీ ఈ వేసవిలో మళ్లీ చల్లబరచడం లేదని, నమ్మకమైన మెకానిక్‌ను ఎలా గుర్తించాలని మీరు అడిగారు. ఈ ఊళ్లోనే, పైన మిద్దె మీద ఎండంతా పడే ఇంట్లో ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. గ్యాస్ తగ్గిందని చెప్పి, అది ఎక్కడి నుంచి పోయిందో వెతకకుండా నింపడానికి సిద్ధపడే మనిషికి మాత్రం పని అప్పగించకండి.

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. మా ఇంటికి మొదట్లో వచ్చిన మెకానిక్ ప్రతి వేసవిలోనూ గ్యాస్ పీడనం చూపే గేజీ తగిలించి, గ్యాస్ నింపి, డబ్బు తీసుకుని వెళ్లేవాడు. మరుసటి మార్చికల్లా పరిస్థితి మళ్లీ మొదటికొచ్చేది. తర్వాత తెలిసినవారి ద్వారా ఒక పెద్దాయన దొరికారు. ఆయన వచ్చీ రాగానే గ్యాస్ మాట ఎత్తలేదు. ఫిల్టర్లు తీసి చూశారు, మిద్దె ఎక్కి ఔట్‌డోర్ యూనిట్ రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును కడిగారు, అప్పటికీ చల్లదనం రాకపోయేసరికి గేజీ పెట్టారు. గ్యాస్ నిజంగానే తక్కువగా ఉందని తేలాక, సబ్బు నురుగును బ్రష్షుతో గొట్టాలు కలిసే ప్రతి చోటా రాసుకుంటూ వెళ్లారు. ఇండోర్ యూనిట్ వెనక, గొట్టాన్ని బిగించే ఒక ఫ్లేర్ నట్టు అంచున చిన్న బుడగ మెల్లగా ఉబ్బి పగిలింది, ఆ వెంటనే అక్కడే ఇంకొకటి లేచింది. ఆయన ఆ గొట్టం చివర కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి (అంటే చివరను గరాటులా వెడల్పు చేసి) బిగించి, లీకు పరీక్ష కోసం నైట్రోజన్ ఎక్కించి, గేజీ ముల్లు దిగకుండా నిలబడుతుందో లేదో ఓపికగా చూశారు. ఆ తర్వాతే గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేసే వాక్యూమ్ పంపు తగిలించారు.

ఈ వాక్యూమ్ పంపు గురించి ఫోనులోనే అడగండి. గొట్టాల్లో గాలి, తేమ మిగిలిపోతే ఆ తేమ వల్ల కంప్రెసరు ఆయిల్‌లో ఆమ్లాలు పుట్టి, కంప్రెసరు ఆయుష్షు తగ్గిపోతుంది. పంపు లేకుండా, కాస్త గ్యాస్ వదిలి దానితోనే గాలిని బయటికి తోసేసేవారు ఉన్నారు. కొత్త ఏసీ బిగించేటప్పుడు కూడా ఇది ఒప్పుకోదగిన పద్ధతి కాదు.

మీ ఏసీలో ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు ఉండాలో ఔట్‌డోర్ యూనిట్ మీద అతికించిన స్టిక్కరులో ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసరు వేగాన్ని బట్టి గేజీ అంకె మారుతుంది కాబట్టి, గొట్టాలను ఖాళీ చేసి సిలిండరును తూకం మీద పెట్టి గ్యాస్ నింపడమే సరైన పద్ధతి. ఏసీల్లో వాడే ఆర్32 నిప్పు తగిలితే అంటుకునే గుణం కొంత ఉన్న గ్యాస్. దానితో పనిచేసే మనిషి గొట్టాలు అతికే ముందు గ్యాస్‌ను పూర్తిగా తీసేసి, గది కిటికీలు తెరిపిస్తాడా లేదా గమనించండి.

మన ఊరి ఎండకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఏసీ టన్నేజీని, అంటే చల్లబరిచే సామర్థ్యాన్ని, బయట 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు కొలిచి నిర్ణయిస్తారు. మే నెలలో కర్నూలులో 42, 43 డిగ్రీలు కాస్తున్నప్పుడు, పైగా ఔట్‌డోర్ యూనిట్ పడమటి గోడకు ఎండలో వేలాడుతున్నప్పుడు, లోపం ఏమీ లేని ఏసీ కూడా అంత చల్లదనం ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం వేళ వచ్చి, ఏమీ విప్పి చూడకుండానే గ్యాస్ అయిపోయిందనేవాడి మాట నమ్మకండి. యూనిట్‌కు నీడ కల్పించమని, దాని ముందు వేడి గాలి పోయే దారికి అడ్డున్న సామాను తీయమని చెప్పేవాడు మీ మేలు కోరుతున్నట్టు.

ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు చదివాడా అని అడగడంలో తప్పేమీ లేదు, కానీ సర్టిఫికెట్ కన్నా పనిముట్ల సంచి ఎక్కువ చెబుతుంది. ఎర్తింగ్ సరిగా ఉందా, వైరు మందం సరిపోతుందా అని తనంతట తానే చూసే మెకానిక్‌ను వదులుకోకండి. వారంటీ ఇంకా ఉంటే మాత్రం ముందు కంపెనీ సర్వీసుకే ఫోన్ చేయండి, బయటివారు విప్పితే వారంటీకి ఇబ్బంది రావచ్చు.

ఏప్రిల్ వచ్చిందంటే మంచి మెకానిక్‌లకు తీరిక ఉండదు, హడావుడిలో నైట్రోజన్ పరీక్షకు ఆగేవారు తక్కువ. ఇకపై సర్వీసు ఫిబ్రవరిలోనే చేయించుకోండి. ఈసారికి మాత్రం, లీకు వెతకడానికి ఎంత, దాన్ని సరిచేయడానికి ఎంత, గ్యాస్‌కు ఎంత అని విడివిడిగా ముందే అడిగి, లీకు దొరికిన చోటునూ నింపిన గ్రాములనూ బిల్లు మీద రాయించుకోండి.