పాఠకుల ప్రశ్నలు: హెచ్-ఇండెక్స్ ఎక్కువ ఉన్నవారే మంచి గైడా?

ప్రశ్న: మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను. గైడ్‌గా ఇద్దరు ప్రొఫెసర్ల పేర్లు నా ముందున్నాయి. బ్యాటరీ పదార్థాలపై పనిచేసే ఒకరి హెచ్-ఇండెక్స్ 38, అధిక ఉష్ణోగ్రతల్లో వాడే ఉక్కుపై పనిచేసే మరొకరిది 17. ఇద్దరూ దాదాపు ఒకే కాలం నుంచి పరిశోధనలో ఉన్నారు. మొదటివారినే ఎంచుకోవడం మంచిదంటారా?

జవాబు: ఆ ఒక్క అంకెను చూసి మాత్రం ఎంచుకోకండి. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ సూచిక ఎలా వస్తుందో ముందు చూద్దాం. ఒక పేపరును మరో పేపరు ఉదహరిస్తే అది ఒక సైటేషన్. కనీసం ఎన్నేసి సైటేషన్లున్న పేపర్లు అన్ని ఉంటాయో, అలాంటి అంకెల్లో అతి పెద్దదే హెచ్-ఇండెక్స్. ఒకరి ఆరు పేపర్లకు వరుసగా 120, 40, 9, 6, 5, 3 సైటేషన్లు వచ్చాయనుకోండి. కనీసం ఐదేసి సైటేషన్లున్న పేపర్లు ఐదు ఉన్నాయి, ఆరేసి ఉన్నవి ఆరు లేవు, కాబట్టి ఆయన హెచ్-ఇండెక్స్ 5. మరొకరి ఆరు పేపర్లకు 12, 11, 10, 9, 8, 7 వస్తే సూచిక 6 అవుతుంది. మొత్తం సైటేషన్లు మొదటివారికి 183, రెండోవారికి 57 మాత్రమే, అయినా సూచికలో రెండోవారే పైన ఉంటారు.

మీరు చెప్పిన ఇద్దరి రంగాలూ వేరు. ఉక్కు వేడిలో, బరువు కింద నెమ్మదిగా సాగిపోవడాన్ని (క్రీప్) పరీక్షించేటప్పుడు నమూనాను కొలిమిలో ఒకే వేడి మీద ఉంచి, దానికి స్థిరమైన బరువు తగిలించి, అది వెంట్రుకవాసి చొప్పున ఎంత సాగుతోందో నమోదు చేస్తూ పోతారు. 10,000 గంటల పరీక్ష అంటే పదమూడు నెలలు దాటిపోతుంది. అంతకాలం వేచి చూస్తే గ్రాఫు మీద పడేది ఒక్క చుక్క. బ్యాటరీ పదార్థాల మీద పనిచేసేవారు చాలామంది ఉన్నారు, పేపర్లు వెంటవెంటనే వస్తాయి, ఒకరినొకరు ఉదహరించుకోవడమూ అంతే ఎక్కువగా ఉంటుంది. ఈ తేడాను పక్కనపెట్టి 38ని, 17ని పోల్చడం ఉక్కుపై పనిచేసేవారికి అన్యాయం చేయడమేనని నా గట్టి అభిప్రాయం.

మీరు చేయవలసింది కొంత ఓపికతో కూడిన పని. ఇద్దరివీ మూడేసి ముఖ్యమైన పేపర్లు తీసుకుని, వాటిని ఉదహరించిన పేపర్లను తెరిచి, ఏ వాక్యం దగ్గర ఉదహరించారో చదవండి. "ఈ మిశ్రమలోహాలపై ఇదివరకు ఎన్నో అధ్యయనాలు జరిగాయి" అన్న ఉపోద్ఘాత వాక్యం చివర తొమ్మిది పేపర్లను గుత్తిగా చేర్చితే, అందులో ఒకటిగా ఉండటం పెద్ద విశేషం కాదు. "నమూనాలను ఫలానా పేపర్లో చెప్పిన పద్ధతిలోనే వేడిచేసి చల్లార్చాము" అని ప్రయోగ విధానంలో రాస్తే, ఆ పనిని నమ్మి మరొకరు తమ ప్రయోగశాలలో వాడుకున్నారన్నమాట. లెక్కలో రెండూ ఒక్కొక్క సైటేషనే. సైటేషన్లలో ఎక్కువ భాగం ఇతరుల పనిని సమీక్షించే రివ్యూ పేపర్లకు వచ్చినవా, సొంత ప్రయోగాలకు వచ్చినవా, తమ పేపర్లను తామే ఉదహరించుకున్నవి ఎన్ని అన్నదీ గమనించండి. గైడ్‌ను ఎంచుకునేవారికి వీటన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది: వారి విద్యార్థులు మొదటి రచయితలుగా ఎన్ని పేపర్లలో కనిపిస్తున్నారో చూడండి.

సైటేషన్లు ఎప్పుడూ పని వెనకాలే వస్తాయి. మెటీరియల్స్ ఇంజినీరింగ్ పరిశోధకుడు డాన్ షెక్ట్‌మన్ 1982 ఏప్రిల్‌లో క్వాసీక్రిస్టల్ (పరమాణువులు క్రమంగా అమరి ఉన్నా, ఆ అమరిక ఒకే తీరులో మళ్లీ మళ్లీ రాని ఘనపదార్థం) తాలూకు వివర్తన చిత్రాన్ని, అంటే ఆ అమరికను బయటపెట్టే చిత్రాన్ని చూశారు. దానిపై అందరికీ తెలిసిన పేపరు 1984 నవంబరులో గానీ రాలేదు, నోబెల్ బహుమతి 2011లో వచ్చింది. 1983లో సైటేషన్లను లెక్కపెట్టినవారికి ఆ ఆవిష్కరణ కనిపించే అవకాశమే లేదు.

ప్రశ్న: సైటేషన్లను లెక్కించే సైట్లలో ఒకే పరిశోధకుడి హెచ్-ఇండెక్స్‌గా గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో మరో అంకె కనిపిస్తున్నాయి. ఏది సరైనది?

జవాబు: రెండూ వాటి వాటి పరిధిలో సరైనవే. స్కోపస్ తాను ఎంపిక చేసిన జర్నళ్లు, సదస్సు పత్రాలు, పుస్తకాల నుంచి వచ్చిన సైటేషన్లనే లెక్కిస్తుంది. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, ఇంకా జర్నల్‌లో అచ్చుకాని ప్రతులను కూడా కలుపుకుంటుంది కాబట్టి అక్కడ సాధారణంగా అంకె పెద్దదిగా ఉంటుంది. ఇద్దరిని పోల్చేటప్పుడు ఇద్దరి అంకెలూ ఒకేచోట నుంచి, ఒకే రోజున తీసుకోండి. అదే పేరున్న మరొకరి పేపర్లు పొరపాటున కలిసిపోవడం కూడా తరచుగా జరుగుతుంది. 2012లో మొదలైన ఓర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఆ పరిశోధకుడికి ఉంటే, దాని కింద నమోదైన పేపర్లతో సరిచూసుకోండి.