జీటీ క్లాసులో ఆటలా, బయట కోచింగా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం టెక్సస్‌లో ఉంటున్నాం. మా బాబు థర్డ్ గ్రేడ్. పోయిన ఏడాది గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్ (జీటీ), అంటే చురుకైన పిల్లల కోసం స్కూల్లో నడిపే ప్రోగ్రామ్‌కి సెలెక్ట్ అయ్యాడు. వారానికి ఒక పూట వేరే గదికి తీసుకెళ్తారు. అక్కడ ఐస్‌క్రీమ్ పుల్లలతో వంతెనలు కట్టడం, ‘భూమికి ఆకర్షణ లేకపోతే?’ లాంటి కథలు రాయడం, పజిళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. పోయిన వారం ఐదు అట్టముక్కలిచ్చి దీర్ఘచతురస్రంగా పేర్చమన్నారట. శని, ఆదివారాలు కూర్చున్నా కుదరక ఏడ్చేశాడు. మావారు ఇంటర్నెట్‌లో చూస్తే అసలు దానికి జవాబే లేదట! ఇదేం చదువు? మా ఫ్రెండ్స్ పిల్లలు కాంపిటిషన్ మ్యాథ్ (లెక్కల పోటీ పరీక్షల) కోచింగ్‌లో ఎక్కడికో వెళ్లిపోతున్నారు. జీటీ పూట మిస్సయిన క్లాసు పనంతా ఇంటికొస్తోంది కాబట్టి మావాడికి కోచింగ్‌కి టైమ్ చాలడం లేదు. జీటీ మాన్పించేద్దామా? రెండింటినీ పోల్చి, కాలేజీ అడ్మిషన్‌కి ఏది పనికొస్తుందో చెప్పండి. మా పాప ఫస్ట్ గ్రేడ్. తను సెలెక్ట్ కాలేదు, మామూలుగానే చదువుతుంది. బాబు విషయంలోనైనా పొరపాటు జరగకూడదని టెన్షన్.

జవాబు: పోల్చి చెప్తానమ్మా. ముందు కాలేజీ సంగతి తేల్చేద్దాం, మీ ఉత్తరంలో మిగతాదంతా దానిమీదే వేలాడుతోంది. అమెరికాలో కాలేజీలు చూసేది ప్రధానంగా తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏం చదివారు, ఎలా చదివారు, ఏం చేశారు అన్నది. మూడో తరగతిలో జీటీలో ఉన్నాడని రాసుకోవడానికి అప్లికేషన్‌లో చోటుండదు. మూడో తరగతిలో మ్యాథ్ కోచింగ్‌కి వెళ్లాడని రాసుకోవడానికీ ఉండదు. అడ్మిషన్ లెక్కన చూస్తే రెండూ సున్నాయే. కాబట్టి ఆ బరువు ఇప్పుడే దించేయండి. అది దిగితే మిగిలే ప్రశ్న ఒక్కటే: ఆ గదిలో మీవాడికి ఏమైనా అందుతోందా, లేదా?

మీరు తప్పుపట్టిన పజిల్‌తోనే మొదలుపెడతాను. మీరు రాసిన దాన్నిబట్టి అవి టెట్రోమినోలు. ఒక్కో ముక్కలో నాలుగు గళ్లు. నిలువు కర్ర, చదరం, ‘ఎల్’ ఆకారం, మెట్ల ఆకారం, ‘టి’ ఆకారం. ఐదు ముక్కలు, మొత్తం 20 గళ్లు. 4×5 దీర్ఘచతురస్రంలోనూ 20 గళ్లే ఉంటాయి కాబట్టి కుదిరి తీరాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎంత తిప్పినా కుదరదు. ఎందుకో చూడండి. ఆ దీర్ఘచతురస్రానికి చదరంగం బల్లలాగా నలుపు తెలుపు వేయండి. పది నల్లగళ్లు, పది తెల్లగళ్లు వస్తాయి. ‘టి’ కాకుండా మిగతా నాలుగు ముక్కల్లో ఏది ఎక్కడ పెట్టినా రెండు నల్లవి, రెండు తెల్లవి కప్పుతుంది. ‘టి’ మాత్రం ఎక్కడ పెట్టినా ఒక రంగువి మూడు, రెండో రంగువి ఒకటి కప్పుతుంది. అన్నీ కలిపితే 11, 9. కావలసింది 10, 10. అంతే. ఇంకో వందేళ్లు కూర్చున్నా కుదరదని ఎనిమిదేళ్ల పిల్లాడు రంగు పెన్సిల్‌తో నిరూపించగలడు.

మీ టీచర్ మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఈ పజిల్ ఇచ్చేవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లేది ఇక్కడికే. ‘నాకు రాలేదు’ వేరు, ‘ఇది ఎవరికీ రాదు, ఎందుకో నేను చెప్తాను’ వేరు. ఆ తేడా తెలుసుకోవడమే గణితం. 1736లో ఆయిలర్ అనే గణితవేత్త కోనిగ్స్‌బర్గ్ అనే ఊరి వంతెనల సమస్య తీసుకుని చేసింది కూడా ఇదే. ఏడు వంతెనల్నీ ఒక్కోసారి మాత్రమే దాటుతూ ఊరంతా తిరిగి రావడం కుదరదని చూపించాడు. ఒక పెద్ద గణితశాఖ అక్కడే పుట్టింది. ఇంత మంచి విషయాన్ని మీవారు సెర్చ్ చేసి ‘దీనికి జవాబే లేదురా, వదిలేయ్’ అనేశారు. కోపం తెచ్చుకోకండి గానీ, ఆ వారం జీటీ క్లాసు మొత్తాన్నీ ఇంట్లో మీరే పాడుచేశారు. టీచర్ కాదు.

ఇప్పటికీ మించిపోయిందేమీ లేదు. అవే ముక్కలు ఇంకో సెట్ కత్తిరించి ఇవ్వండి. పది ముక్కలు, 40 గళ్లు. 5×8లో పేర్చమనండి. ఈసారి కుదురుతుంది. కుదురుతుందని మాత్రం చెప్పకండి. వాడు ‘ఇదీ కుదరదేమో’ అని రంగులు వేసి లెక్క చూసుకోవడం మొదలుపెడితే, ఏ వర్క్‌షీట్‌లోనూ లేనిది నేర్చుకున్నాడని అర్థం.

వాడు ఏడ్చాడన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మీ భయమంతా అక్కడే ఉంది. ‘మా పిల్లాడు గిఫ్టెడ్ అన్నారు కదా, మరి రాలేదేమిటి?’ అని మీరు పైకి అనలేదు. వాడు లోపల అనుకునే ఉంటాడు. ఇప్పటిదాకా అడిగిన ప్రతిదానికీ జవాబు టక్కున చెప్పిన పిల్లాడు వాడు. మొదటిసారి గోడ తగిలింది. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు చాలా పేరుపొందాయి. ఒక గుంపుని ‘నువ్వు తెలివైనవాడివి’ అని, ఇంకో గుంపుని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్లిచ్చారు. తెలివైనవాళ్లన్న పిల్లలు త్వరగా నీరుగారిపోయారు, ఆపైన ఇచ్చిన పజిళ్లలో వెనకబడ్డారు, మార్కులు అడిగితే పెంచి చెప్పినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. జీటీ అన్న ముద్ర రోజూ చేసే పని సరిగ్గా ఇదే. సెలెక్ట్ అయిన రోజు ఇంట్లో హడావిడి చేసి ఉంటారు, బంధువులందరికీ ఫోన్లు వెళ్లి ఉంటాయి. ఆ పిల్లాడు ఇప్పుడు ఓడిపోవడానికి భయపడకుండా ఎలా ఉంటాడు? మూడో తరగతిలో ఓ అట్టముక్క దగ్గర ఏడవడం మంచిదమ్మా. కాలేజీ మొదటి సెమిస్టర్‌లో మొదటిసారి ఏడ్చిన పిల్లల్ని నేను చూస్తుంటాను. అప్పుడు సర్దిచెప్పడం చాలా కష్టం.

అలాగని జీటీ పేరుతో జరిగేదంతా గొప్పదని నేను అనను. కొన్ని క్లాసుల్లో నిజంగానే కాలక్షేపం నడుస్తుంది. పుల్లలతో వంతెన కట్టించి, ఫొటో తీసి, గోడకి అంటిస్తే అది క్రాఫ్ట్ పీరియడ్. అదే వంతెన మీద నాణేలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయి, ఎక్కడ విరిగిందో రాసుకుని, సగం పుల్లలతో మళ్లీ కట్టమంటే అది ఇంజనీరింగ్. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. భూమ్యాకర్షణ కథ కూడా అంతే. ‘అందరూ ఎగిరిపోయారు’ అని రాసి బొమ్మ గీసేస్తే ఏమీ లేదు. ‘మరి గ్లాసులో నీళ్లు ఏమవుతాయి? వాన ఎటు పడుతుంది?’ అని టీచర్ వెంటపడి అడిగితే ఉంది.

ఇటుకతో ఏమేం చేయొచ్చో చెప్పమనే ఆట ఒకటుంది. ఒక పిల్లాడు గోడ, ఇల్లు, అరుగు, బావి, మెట్లు అని గడగడా చెప్పేస్తాడు. ఇంకొకడు ఆలోచించి మూడే చెప్తాడు: తలుపు మూసుకోకుండా అడ్డుపెట్టొచ్చు, పొడిచేసి రంగు చేసుకోవచ్చు, తూకం రాయిగా వాడొచ్చు. సృజనాత్మకతని కొలవడానికి 1960ల్లో టారెన్స్ తయారుచేసిన పరీక్షలు ఎన్ని చెప్పారన్నదీ, ఎన్ని రకాలుగా చెప్పారన్నదీ విడివిడిగా చూస్తాయి. మొదటివాడు చెప్పిన ఐదూ ఒకే రకం, కట్టడం. ఇళ్లలో మనం చప్పట్లు కొట్టేది మాత్రం ఎక్కువగా మొదటివాడికే.

ఇక మీ ఫ్రెండ్స్ పిల్లల దారి. ఇప్పుడిది పెద్ద ఫ్యాషన్. కిండర్‌గార్టెన్‌కి ముందే జీటీ టెస్టుకి కోచింగ్, సెలెక్టయ్యాక కాంపిటిషన్ మ్యాథ్, పక్కన కోడింగ్, తీరిక దొరికితే స్పెల్లింగ్ బీ. నాకు దీనిమీద అనుమానాలు ఎక్కువే. మామూలు పాఠం సరిపోని పిల్లలెవరో కనిపెట్టడానికి పెట్టిన పరీక్షకి మూడు నెలలు తర్ఫీదిస్తే, అది కనిపెట్టేది తర్ఫీదునే. ఆ తర్వాత పిల్లాడు తనకి పట్టని గదిలో కూర్చుని, ‘అందరికీ వస్తోంది, నాకే రావట్లేదు’ అనుకుంటాడు. దానికి మళ్లీ ఇంకో కోచింగ్.

కాంపిటిషన్ మ్యాథ్ చెడ్డదని కాదు. అందులో ఉండే లెక్కలు కొన్ని అద్భుతంగా ఉంటాయి, లెక్కలంటే ప్రాణమిచ్చే పిల్లలకి అక్కడ తమలాంటి స్నేహితులు దొరుకుతారు. నా పేచీ తొందరతో. ఏఎంసీ 8 అనే లెక్కల పోటీ చూడండి. ఎనిమిదో తరగతి, అంతకు కిందివాళ్లు రాసే పరీక్ష. 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషంన్నర చిల్లర. ఎనిమిదో తరగతి దాకా రాయగలిగేదానికి మూడో తరగతి నుంచే ఉరకలు దేనికి? నిమిషంన్నరలో తేలే ప్రశ్నలకి అలవాటుపడ్డ బుర్ర, రెండు రోజులైనా తేలని ప్రశ్న ఎదురైతే ‘ట్రిక్ ఏంటి?’ అని అడుగుతుంది. మీవాడు రెండు రోజులు కూర్చున్నాడు. అది ఎంత పెద్ద విషయమో మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ కోచింగ్‌కి వెళ్తానని వాడు అడిగాడా? మీ ఉత్తరంలో ఫ్రెండ్స్ పిల్లలున్నారు, మీవారున్నారు, కాలేజీ ఉంది. వాడికి ఏమిష్టమో ఒక్క వాక్యం లేదు.

పోలిక అడిగారు కదా, పొట్టిగా చెప్తాను. జీటీ గదిలో జరిగేదాన్ని ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. అదే విషయంలో లోతుకి, పక్కలకి వెళ్లడం. ముందు తరగతి పాఠాలు ఇప్పుడే చదవడం యాక్సిలరేషన్. కోచింగ్‌లో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే, స్కూలు గుర్తింపు లేకుండా. రెండో దారిని నేను కొట్టిపారేయను. తరగతి దాటిన పిల్లలు స్నేహితుల మధ్య ఇమడలేరన్న భయాన్ని పరిశోధనలు పెద్దగా సమర్థించలేదు. మీవాడికి థర్డ్ గ్రేడ్ లెక్కలు నిజంగా చప్పగా ఉంటే కోచింగ్‌కి డబ్బు కట్టే ముందు స్కూల్లోనే అడగండి. టెక్సస్‌లో పరీక్ష రాసి తరగతి దాటడానికి క్రెడిట్ బై ఎగ్జామ్ అనే దారి ఉంది. ఎలిమెంటరీలో తరగతి దాటాలంటే లాంగ్వేజ్ ఆర్ట్స్, మ్యాథ్స్, సైన్స్, సోషల్ స్టడీస్ పరీక్షలు నాలుగింట్లోనూ 80 శాతం రావాలి. స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతం స్కూళ్లని నడిపే సంస్థ) ప్రతినిధి సిఫారసు చేయాలి, మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చప్పగా లేదు, వాడు హాయిగానే ఉన్నాడంటే ఈ గొడవేమీ అక్కర్లేదు.

మీ అసలు ఇబ్బంది, మిస్సయిన క్లాసు పని ఇంటికి రావడం. దీనికి జీటీ మాన్పించనక్కర్లేదు. క్లాస్ టీచర్‌కి ఒక ఈమెయిల్ రాయండి: ‘ఈ యూనిట్‌లో మావాడికి ఇప్పటికే వచ్చినవి ముందే చిన్న టెస్ట్ పెట్టి చూసి, అవి మళ్లీ చేయించకుండా వదిలేయడం వీలవుతుందా?’ అని. దాన్ని కంపాక్టింగ్ అంటారు, ఆ మాటే వాడండి, వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. జీటీ టీచర్‌ని కూడా కలవండి. టెక్సస్‌లో ఆ పని చేసే టీచర్లకి మొదట 30 గంటలు, ఆపైన ఏటా 6 గంటలు శిక్షణ తప్పనిసరి. ‘ఏం చేయిస్తున్నారు’ అని నిలదీసినట్టు అడిగితే సిలబస్ కాగితం చేతిలో పెడతారు. ‘పోయిన నెలలో మావాడికి ఏది కష్టమైంది, అప్పుడేం చేశాడు?’ అని అడగండి. ఆవిడ దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోతే అప్పుడు మీ అనుమానంలో పస ఉన్నట్టు. అంతకీ వాడికి ఊపిరాడటం లేదనిపిస్తే ఫర్లో అడగొచ్చు. కొంతకాలం పక్కన ఉండి, సీటు పోగొట్టుకోకుండా తిరిగి చేరడానికి వీలుండేలా స్కూల్ డిస్ట్రిక్టులు నియమాలు పెట్టుకోవాలి. ఒక్కసారిగా మాన్పించేయడం కంటే అది నయం.

పాప గురించి మీరు రాసింది ఒక్క వాక్యం, దానికి నాకు కాస్త కోపమే వచ్చింది. ఫస్ట్ గ్రేడ్ పిల్లని ‘మామూలు’ ఖాతాలో వేసేశారు, అదీ ఒక పూట పరీక్ష చూసి! 1921లో కాలిఫోర్నియాలో టెర్మన్ అనే ప్రొఫెసర్ తెలివైన పిల్లల కోసం ఐక్యూ పరీక్షలతో వడపోసి, పదిహేను వందలమందికి పైగా పిల్లల్ని ఎంచి, దశాబ్దాల పాటు గమనించాడు. ఆ వడపోతలో స్కోరు చాలక పక్కకి పోయినవాళ్లలో విలియం షాక్లీ, లూయీ అల్వరెజ్ ఉన్నారు. ఇద్దరికీ తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది, ఒకరికి 1956లో, ఇంకొకరికి 1968లో. ఎంపికైనవాళ్లలో ఒక్కరికీ రాలేదు. మీ పాపకి నోబెల్ వస్తుందని కాదు నేను చెప్పేది. ఆరేళ్ల పిల్లమీద ఆ కాగితానికి అంత అధికారం ఇవ్వకండి. మీ రాష్ట్రంలో జీటీ పరీక్షకి అవకాశం ఏటా కనీసం ఒకసారి ఇవ్వాలి, వచ్చే ఏడాది మళ్లీ పేరు ఇవ్వొచ్చు. కోచింగ్ మాత్రం పెట్టకండి. ఈలోపు 5×8 గళ్లు గీసి ఆ పది ముక్కలు పరిచినప్పుడు పాపని కూడా పిలిచి కూర్చోబెట్టండి. అన్నయ్య కంటే ముందు తనే పేర్చేస్తే బాబు దగ్గర సర్దిచెప్పడానికి మళ్లీ ఉత్తరం రాయాల్సి వస్తుందేమో. రాయండి, జవాబిస్తాను.