గంజాయి బయటపడుతుందని బుప్రెనార్ఫిన్ మానేయనివ్వకండి

అక్కా, మీ తమ్ముడు నొప్పి మాత్రల వ్యసనానికి బుప్రెనార్ఫిన్ అనే మందు వాడుతున్నాడనీ, మధ్యమధ్యలో గంజాయి తాగుతున్నాడనీ, మూత్ర పరీక్ష ఉందని తెలిసి ఆసుపత్రికే వెళ్లనంటున్నాడనీ రాశారు. మందు ఆపేస్తారేమో, పోలీసులకు చెబుతారేమో అని మీ భయం. టాపెంటడాల్ అనే నొప్పి మాత్రల నుంచి బయటపడటానికి నేనూ నాలుక కింద అదే మాత్ర పెట్టుకుంటున్నాను, అందుకే రాస్తున్నాను. గంజాయి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు అతను మందు మానకుండా చూడండి.

బుప్రెనార్ఫిన్ వాడుతున్నంతకాలం పాత మాత్రల మీదకు మనసు అంతగా పోదు, ఒంటినొప్పులూ వణుకూ ఉండవు. అది హఠాత్తుగా ఆగితే అవన్నీ తిరగబెడతాయి, వాటినే విత్‌డ్రాయల్ బాధలంటారు. తట్టుకోలేక మనిషి పాత మాత్రలకే వెళ్తాడు. ఒకప్పుడు అరిగించుకున్న మోతాదును ఇప్పుడు అతని శరీరం భరించలేకపోవచ్చు, ఊపిరి ఆగిపోవచ్చు. గంజాయి వాడుతున్నారన్న కారణంతో ఈ చికిత్సను నిలిపివేయకూడదని అమెరికాలోని వ్యసన వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. అయినా మన హైదరాబాదులో అన్నిచోట్లా అలా జరగడం లేదు. నేను మొదట చేరిన ఒక ప్రైవేటు కేంద్రంలో నాతోపాటు ఉన్న కుర్రవాణ్ణి గంజాయి పాజిటివ్ వచ్చిందని బయటికి పంపేశారు. అతనికి ఇంకెక్కడికి వెళ్లాలో కూడా చెప్పలేదు. నెల తిరగకముందే అతను మళ్లీ మాత్రల్లో పడ్డాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మీ తమ్ముడికి ఎవరైనా అలా చేస్తే ఊరుకోకండి, వెంటనే మరో వైద్యుణ్ణి వెతకండి.

ఇక పరీక్ష. ఆ కిట్‌లో ఒక్కో మందుకు ఒక్కో పట్టీ ఉంటుంది. T అని ఉన్నచోట గీత కనబడితే నెగెటివ్, కనబడకపోతే పాజిటివ్. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని కంగారుపడతారు. గంజాయి కొవ్వులో నిలవ ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి తాగినవారికి మూడు నాలుగు రోజులు, రోజూ తాగేవారికి నెల వరకు, ఒక్కోసారి అంతకు మించి కూడా కనబడుతుంది. నీళ్లు విపరీతంగా తాగితే పోతుందనుకోవద్దు. మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం పడిపోయి, నమూనా పలచబడిందని తెలిసిపోతుంది. అప్పుడు వైద్యుడికి కలిగే అనుమానం గంజాయితో ఆగదు. నల్లమందు నుంచి వచ్చే మందులను చూసే మార్ఫిన్ పట్టీ, టాపెంటడాల్, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలను సాధారణంగా పట్టదు. బుప్రెనార్ఫిన్‌కు వేరే పట్టీ ఉంటుంది, మందు నిజంగా వేసుకుంటున్నాడా అని చూసేది దాంతోనే. గసగసాలు దండిగా వేసిన మాంసం కూర తిన్నా, కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా మార్ఫిన్ పాజిటివ్ రావచ్చు. అలాంటప్పుడు ల్యాబ్‌లో నిర్ధారణ పరీక్ష చేయించమని అడగండి.

నేను నమూనా ఇవ్వకముందే డాక్టరుగారికి చెప్పేశాను. ఎప్పుడు తాగుతావు, నిద్ర పట్టకా, మాత్ర సరిపోకా అని ఆవిడ అడిగారు. సాయంత్రం అయ్యేసరికి ఒంట్లో నలత మొదలవుతోందని చెబితే మోతాదు సరిచేశారు. ఆ తర్వాత గంజాయి దానంతటదే తగ్గుతూ వచ్చింది. మీ తమ్ముడికీ కారణం అదే కావచ్చు. మాత్ర చాలకనే తాగుతున్నాడేమో వైద్యుడికి తెలియాలి కదా!

పోలీసుల విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వ్యసన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. గంజాయి తాగడం నేరమే, ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. అయితే మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట స్వచ్ఛందంగా చికిత్స తీసుకునేవారికి వాడకం కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. పోలీసుల పేరు చెప్పి మందు మానేస్తే నష్టపోయేది అతనే.

గంజాయి మంచిదని నేను అనడం లేదు. మా వీధిలో గంజాయి అమ్మేవాడి దగ్గరే మాత్రలూ దొరికేవి, నాకు అదే పెద్ద ప్రమాదమనిపించింది. కానీ దానికంటే ముందు కల్లు గురించి అడగండి. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం కలుపుతారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో అలాంటి కల్లు తాగి పలువురు చనిపోయారు. బుప్రెనార్ఫిన్‌తో ఆ నిద్రమందులు గానీ మద్యం గానీ కలిస్తే శ్వాస మందగిస్తుంది. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ డీ-అడిక్షన్ (వ్యసనం మాన్పించే) వైద్యం ఉంది. ఆ పేరు వినగానే మా అమ్మ బెంబేలెత్తింది, కానీ అక్కడ కూర్చున్నవాళ్లంతా మనలాంటివాళ్లేనని వెళ్లాక తనకే తెలిసింది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14446కు ఫోను చేయండి, ఖర్చు లేదు. వెళ్లేటప్పుడు మిగిలిన మాత్రలూ, వేరే ఏ మందు వాడుతున్నా దాని చీటీలూ వెంట తీసుకెళ్లండి.