ఆ పూలు చెదరలేదమ్మా

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ అనువాదం రెండుసార్లు చదివాను. రెండో పేజీలో "పెళ్లికూతురు నడిచే దారిలో పూలు చెల్లాచెదురయ్యాయి" అని రాశావు. మూలంలో ఉన్న ఇంగ్లీషు క్రియ స్ట్రూ (strew). నిఘంటువులో ముందుగా కనిపించిన అర్థం తీసుకున్నట్టున్నావు. ఆ పూలు చెదరలేదమ్మా, ఎవరో ప్రేమతో చల్లారు. ఆ ఒక్క మాటతో పెళ్లి బాట కాస్తా గాలివాన వెలిసిన వీధిలా మారిపోయింది.

చెదరడానికి ఇంగ్లీషులో స్కాటర్ ఉంది. చప్పట్లు కొడితే పావురాలు స్కాటర్ అవుతాయి. వాటికి స్ట్రూ వాడరు. స్కాటర్ అన్నప్పుడు చూపు విడిపోయేవాటి వెంట పోతుంది, స్ట్రూ అన్నప్పుడు కింద ఉన్న నేల మీదే నిలుస్తుంది. కాబట్టి ఈ క్రియ ఎదురైన ప్రతిసారీ, దేని మీద ఏం పడింది, ఎవరైనా వేశారా అని చూడు. వేసిన చేతులు కనిపిస్తే చల్లడం, పరచడం. గది నిండా పిల్లల బొమ్మలు పడి ఉంటే చిందరవందర.

పాత ఇంగ్లీషు నుంచీ ఉన్న మాట ఇది. ఎండుగడ్డిని వాళ్లు స్ట్రా అంటారే, అది దీని తోబుట్టువు. నేల మీద పరిచేది కనుక ఆ పేరు. యేసు యెరూషలేములోకి వస్తుంటే జనం దారిలో కొమ్మలు పరిచిన చోట, 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ క్రియ స్ట్రాడ్ అనే రూపంలో ఉంటుంది. ఇంగ్లండులో పూర్వం ఇళ్లలో నేల మీద తుంగ పరిచి, మధ్యమధ్య సువాసన ఆకులు వేసేవారు. పట్టాభిషేకం నాడు రాజు ముందు నడుస్తూ పూలూ ఆకులూ చల్లడానికి ఒక స్త్రీని నియమించేవారు. 1821లో నాలుగో జార్జి ముందు ఆన్ ఫెలోస్ చల్లింది. ఆ తర్వాత ఏ పట్టాభిషేకంలోనూ ఎవరూ ఆ పని చేయలేదు.

ఇంకా వెనక్కి వెళితే పరచడం అనే అర్థమున్న మన సంస్కృత స్తృ ధాతువు, ఈ స్ట్రూ ఒకే మూలం నుంచి వచ్చినవి. తాతయ్య హోమం చేసేటప్పుడు అగ్ని చుట్టూ దర్భలు పరిచేవారు, గుర్తుందా? ఆ పరిస్తరణంలో ఉన్నదీ, విస్తారంలో ఉన్నదీ ఆ ధాతువే. ఈ చుట్టరికం తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అయినా ఆ సంబరంతో అనువాదంలోకి పెద్ద సంస్కృత పదాన్ని తేవద్దు. పుట్టుక తెలిస్తే మాట నీకు కళ్లకు కడుతుంది. పాఠకుడికి మాత్రం చల్లారు అంటే చాలు.

రెండో పేజీ వాక్యాన్ని "పెళ్లికూతురు నడిచే దారి పొడవునా పూలు చల్లారు" అని మార్చు. ఐదో పేజీలో యుద్ధం ముగిసిన పొలం దగ్గర ఇదే క్రియ మళ్లీ వచ్చింది. అక్కడ శవాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయని రాశావు. దాన్ని ముట్టుకోకు, సరిగ్గా కుదిరింది.

ఇట్లు,
పెదనాన్న