మధ్యవర్తి చెప్పింది నచ్చకపోతే కోర్టుకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా బావా నేనూ తొమ్మిదేళ్లు కలిసి వ్యాపారం చేశాం. లెక్కల దగ్గర తేడా వచ్చి ఏడాదిగా మాటల్లేవు. నా వాటా ఇవ్వనంటున్నాడు. 'తగాదా వస్తే మధ్యవర్తి నిర్ణయమే ఇద్దరికీ అంతిమం' అని మా ఒప్పందంలో ఉంది. ముందు మధ్యవర్తి దగ్గర కూర్చుని, ఆయన చెప్పింది నచ్చకపోతే కేసు వేద్దామనుకుంటున్నాను. మధ్యలో అక్క నలిగిపోతోంది. ఏం చేయమంటారు?

– ఓ పాఠకుడు

జవాబు: కాస్త ఆగండి. రాజీ కుదిర్చే మీడియేటర్‌నీ, తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్‌నీ మనం 'మధ్యవర్తి' అనే అంటాం. ఈ ఒక్క మాట వల్ల మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను. మీ ఒప్పందంలో 'నిర్ణయమే అంతిమం' అని ఉందంటే అది ఆర్బిట్రేషన్ షరతులాగే ఉంది. ఆర్బిట్రేటర్ ఇచ్చే నిర్ణయం (దాన్ని 'అవార్డు' అంటారు) కోర్టు తీర్పులాగే అమలవుతుంది. నిర్ణయం తప్పని కోర్టులో దాన్ని తిరగదోడడం దాదాపు కుదరదు. మీ వాదన వినలేదనో, ఆయన పక్షపాతం చూపారనో రుజువైతే రద్దు కావచ్చు. అలాంటి కారణాలు కొన్నే ఉంటాయి.

పోనీ నేరుగా కేసు వేస్తే? మీ బావ మొదట్లోనే ఆ షరతు చూపిస్తే, కోర్టు సాధారణంగా మిమ్మల్ని ఆర్బిట్రేషన్‌కే పంపుతుంది. ఆర్బిట్రేషన్ గురించి దేశాలు చేసుకున్న 1958 నాటి న్యూయార్క్ అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఉన్నది ఈ సూత్రమే. మీ ఒప్పందంలో సంతకం లేని మూడో మనిషి మీద పోరాడాలంటే మాత్రం సాధారణంగా కోర్టే దిక్కు. సరుకు రహస్యంగా అమ్మేస్తున్నాడన్న భయం ఉంటే, దాన్ని ఆపే ఉత్తర్వు కోసం కూడా ముందు అక్కడికే పరుగెత్తాలి.

ఇద్దరూ ఒప్పుకుంటే ఆర్బిట్రేషన్‌కు ముందు మీడియేషన్‌కు కూర్చోవచ్చు. మీ విషయంలో నా సలహా అదే. మీడియేటర్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు, నచ్చకపోతే లేచి రావచ్చు. అక్కడ అన్న మాటలు తర్వాత సాక్ష్యంగా పనికిరాకుండా చాలాచోట్ల చట్టమే కాపాడుతుంది. ఒకసారి ఇలాగే విడిపోతున్న ఇద్దరు భాగస్వాములు నా ముందు కూర్చున్నారు. మూడు గంటలు డబ్బు గురించే అరుచుకున్నారు. ఒకాయన్ని విడిగా పక్కగదిలో కూర్చోబెడితే చేతిరుమాలు నలుపుతూ అసలు సంగతి చెప్పాడు. "బ్యాంకు అప్పుకు నేను పెట్టిన హామీ సంతకం తీయించేస్తే చాలండీ, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు." బ్యాంకు ఆ తగాదాలో పార్టీయే కాదు. తీర్పుతో తేలని ఆ ముడిని, రెండోవాడు తన ఆస్తి హామీ పెడతాననడంతో, బ్యాంకును ఒప్పించి విప్పగలిగాం.

కుదిరిన రాజీని తేదీలు, మొత్తాలతో సహా రాయించి సంతకాలు చేయించండి. రాజీ మాటలు నడుస్తున్నాయి కదా అని కేసుకు ఉన్న కాలపరిమితిని మర్చిపోకండి. గడువు ఎప్పుడు దాటుతుందో ఈ వారమే వకీలును అడగండి. కబురు మీరే పంపండి, రాయబారానికి అక్కను పంపకండి. ఆవిడకు ఇద్దరూ కావాలి.