మనీ ప్లాంట్ ఆకుకు వేళ్లు వచ్చినా చిగురు ఎందుకు రావడం లేదు?

మీరు అడిగినవి రెండు. మనీ ప్లాంట్ తీగ బారుగా సాగి, మొదలంతా బోసిపోయి, చివర మాత్రమే ఆకులు మిగిలితే దాన్ని కత్తిరించవచ్చా అన్నది ఒకటి. తుంచి నీళ్లలో పెట్టిన ఆకుకు వేళ్లు వచ్చినా నెలల తరబడి చిగురు రాకపోవడానికి కారణమేమిటన్నది రెండోది. చాలాకాలంగా ఇంట్లో ఈ మొక్కలను పెంచుతూ, కత్తిరించిన ముక్కలతోనే కొత్త కుండీలు నింపుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను: రెండింటికీ జవాబు కణుపు దగ్గరే ఉంది.

తీగను వెలుతురులో పట్టుకుని చూడండి. ఆకు కాడ తీగను కలిసే చోట కాస్త ఉబ్బెత్తుగా, చుట్టూ ఉంగరంలాంటి గీతతో కణుపు కనిపిస్తుంది. అక్కడే గోధుమరంగులో పొట్టి బుడిపె కూడా ఉంటుంది, అది గాలి వేరు. కాడ మొదట్లో దాగి ఉండే చిన్న మొగ్గ నుంచే కొత్త తీగ పుడుతుంది. ఆకు కాడ తనంతట తాను వేళ్లు వేయగలదు గానీ, మనీ ప్లాంట్‌లో ఆ కాడకు మొగ్గను పుట్టించే శక్తి లేదు. అందువల్ల మీ ఆకు పచ్చగా బతికే ఉంటుంది, వేళ్లు కూడా పెరుగుతాయి, తీగ మాత్రం సాగదు. దాన్ని పారేయమని నేను అనను, గాజు సీసాలో చూడడానికి బాగానే ఉంటుంది.

అన్ని మొక్కలూ ఇలాగే ఉంటాయని కాదు. జేడ్, స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ వంటివి ఆకు నుంచే కొత్త మొక్కను పుట్టించుకోగలవు, అయితే జెడ్‌జెడ్ ముందుగా మట్టిలో చిన్న దుంపను తయారుచేసుకుని, ఆ తర్వాత ఎన్నో నెలలకు గాని మొలక వేయదు. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్‌ను ఆకు ముక్కలతో పెంచితే పిల్ల మొక్కలకు ఆ అంచు రాదు, కాబట్టి రంగు నిలవాలంటే దుంపనే విడదీసి నాటాలి.

ఇక కత్తిరింపు సంగతి. తీగ కొస ఉత్పత్తి చేసే ఆక్సిన్ అనే హార్మోన్ కింది మొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. కొస తీసేస్తే, కోతకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు మొగ్గలు మేల్కొంటాయి. ఆకు రాలిపోయిన కణుపులో కూడా మొగ్గ ఉంటుంది కనుక, బోసిగా ఉన్న భాగంలోనైనా కణుపుకు అర సెంటీమీటరు పైన ధైర్యంగా కోయవచ్చు. చాలా మొక్కల విషయంలో ఒకేసారి మూడో వంతుకు మించి తీయకపోవడమే మంచిదని నా అభిప్రాయం, కానీ ఆరోగ్యంగా ఉన్న మనీ ప్లాంట్ అంతకన్నా ఎక్కువ కోతనే తట్టుకుంటుంది. అయితే తీగ అలా బోసిపోవడానికి చాలాసార్లు వెలుతురు చాలకపోవడమే కారణం. కుండీని కిటికీకి దగ్గరగా జరపకుండా ఎంత కత్తిరించినా, వచ్చే చిగురు కూడా అలాగే సాగిపోతుంది.

కోసిన తీగను ఒక ఆకు, ఒకటి రెండు కణుపులు ఉండేలా ముక్కలు చేయండి. ఈసారి కోత కణుపుకు కింద పడాలి. కత్తెరను ముందే స్పిరిట్‌తో తుడవండి. దీని రసం చర్మానికి దురద పుట్టిస్తుంది, నోట్లోకి వెళితే మంట పుడుతుంది, కాబట్టి చేతులు కడుక్కోవడం, పసిపిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా చూడడం అవసరం. నీళ్లలో కణుపు మునగాలి, ఆకు మునగకూడదు. మునిగిన ఆకు కుళ్లి, దాంతోపాటు ముక్కను కూడా పాడుచేస్తుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది కనుక మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి. 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో సాధారణంగా రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్లు కనిపిస్తాయి.

వేళ్లు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కాగానే మట్టిలోకి మార్చేయండి. నీళ్లలో పుట్టిన వేళ్లు ఎంత పొడవు పెరిగితే మట్టికి అలవాటు పడడం అంత కష్టం. నాలుగైదు ముక్కలను ఒకే కుండీలో, వీలైతే పాత మొక్క మొదట్లోనే, గుచ్చితే గుబురుగా వస్తుంది. కత్తిరింపు ఒక్కదానితో ఆ గుబురు రాదు. మొదటి రెండు వారాలు మట్టిని తడి ఆరనివ్వకండి, అలాగని నీరు నిలవనివ్వకండి. కొత్త ఆకు ఒకటి విచ్చుకునే దాకా ఎరువు జోలికి వెళ్లవద్దు.